వ్యోమయాత్రలు – జనసాక్ష్యము

(ఒక గ్రామ గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన యుపన్యాసము)



ఈ గ్రంథాలయమున పుస్తకములకు అట్టలు వేయు వాలంటీరుగా మమ్ము మీలో చాలమంది యెరుగుదురు. కోర్టులో నల్లకోటు తొడిగిన వకీలుగా కొందరే యెరుగుదురు. ఆ రెండవ యెరుక మిగిలినవారికి కలుగకుండుటయే వారికి క్షేమము. నేటి సభలో ఆకాశయాత్రలను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము శాస్త్రజ్ఞులము కాము. రాకెట్టు ఎట్లు పైకి బోవునో చెప్పుటకు మాకంటె మీ హైస్కూలు సైన్సు మాస్టరుగారు తగినవారు. కాని రాకెట్టు పైకి బోవునప్పుడు క్రింద నిలిచి తలలెత్తి చూచు జనులను గూర్చి కొంత చెప్పగలము. జనుల మాట వినుటయు, అందులో నిజమెంతయో తేల్చుటయు మా వృత్తి గదా.

2025వ సంవత్సరము జూన్ 25వ తేదీ మధ్యాహ్నము 12 గంటలు దాటి ఒక నిమిషమైనది. అమెరికాలోని ఫ్లోరిడా తీరమునుండి యాక్సియం-4 యాత్ర బయలుదేరినది. అందులోని నలుగురిలో ఒకరు మన వాయుసేనకు చెందిన గ్రూప్ కెప్టెన్ శుభాంశు శుక్లాగారు. అప్పుడు మేము కోర్టులో వకీళ్ల గదిలో నుంటిమి. ఉదయమంతయు ఒక గట్టు తగాదాలో ఒకరినొకరు తప్పుపట్టుకొన్న యిద్దరు వకీళ్లు ఒకే సెల్‌ఫోనుపై తలలు వంచి నిలిచిరి. గుమాస్తాలు వచ్చిరి. బంట్రోతు వచ్చెను. టీ తెచ్చిన కుర్రవాడు గ్లాసులు క్రింద పెట్టి తానును తొంగిచూచెను. ఆ కొద్ది నిమిషములలో అచ్చట వాదియు లేడు, ప్రతివాదియు లేడు. లక్నోలో శుక్లాగారు చదివిన పాఠశాలయందు ఆయన తలిదండ్రులును విద్యార్థులును కలిసి కూర్చుండి అదే దృశ్యమును చూచుచుండిరి. వారి గుండె యెట్లు కొట్టుకొన్నదో మా గుండెయు నట్లే కొట్టుకొన్నది.

ఈ సంతోషమును చులకన చేయువారు కలరు. అది కూడు పెట్టునా, గుడ్డ పెట్టునా యని వారడుగుదురు. ఆ ప్రశ్నను మేము కాదనము. ప్రజల సొమ్ముతో జరుగు పని గనుక దానిని ప్రశ్నించు హక్కు ప్రజలకు గలదు. సంతోషించు హక్కును అట్లే గలదు. ఊరందరి కళ్లును ఒక్కవైపునకు తిరుగు దినములు ఒక జాతి చరిత్రలో తరచుగా రావు. వచ్చిన వానిని మనమేమి చేసికొనుచున్నామన్నదే నేటి మా ప్రశ్న.

1961 ఏప్రిల్ 12వ తేదీన యూరీ గగారిన్ 108 నిమిషములలో భూమిని ఒకమారు చుట్టి వచ్చెను. రెండు దినములకు మాస్కో వీధులలో జనము కట్టలు తెంచుకొని పారినది. ఆ యేడే నవంబరు చివర ఆయన మన దేశమునకు వచ్చెను. ఆ పర్యటనలో హైదరాబాదును గూడ చూచెను. పిమ్మట 1969లో చంద్రయాత్ర. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రునిపై అడుగు మోపినప్పుడు మన గడియారములలో జులై 21వ తేదీ ఉదయము 8 గంటల 26 నిమిషములు. ఆ వార్తను మన పెద్దలు రేడియోలో వినిరి, మరునాడు పత్రికలలో చదివిరి. టెలివిజను అప్పటికి మన దేశమున ఒక్క ఢిల్లీలోనే యున్నది; హైదరాబాదు కేంద్రము వచ్చినది 1977లో. అయినను, ఆ యుదయమే తమ యింట టీవీలో ఆర్మ్‌స్ట్రాంగును కన్నులార చూచితిమని ప్రమాణము చేసి చెప్పు పెద్దలను మేమెరుగుదుము. వారు అబద్ధమాడువారు కారు. న్యాయస్థానములో మాకు చిక్కు తెచ్చునది అబద్ధపు సాక్షి కాడు. తాను చెప్పునది నిజమని మనసార నమ్మిన సాక్షియే.

ఇతరుల మాట యేల? మా మాటయే చెప్పెదము.

1984 ఏప్రిల్ 3వ తేదీన రాకేశ్ శర్మగారు సోవియట్ దేశపు బైకనూరునుండి ఆకాశమున కేగిరి. యూరీ మాలిషెవ్, గెన్నాదీ స్ట్రెకాలోవ్ అను వారిద్దరు ఆయనకు తోడు. శర్మగారు మన హైదరాబాదులో పెరిగి నిజాం కళాశాలలో చదివినవారు. సల్యూత్-7 అను ఆకాశగృహమునుండి ఆయన ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారితో మాటలాడిరి. పైనుండి భారతదేశమెట్లు కనబడుచున్నదని ఆమె యడుగగా, ఆయన ఇక్బాలు కవి గీతముతో బదులు చెప్పిరి. అప్పటికి మా వయస్సు నాలుగేండ్లు. మా యూరి పంచాయతీ ఆఫీసు వసారాలో, తండ్రిగారి భుజముపై కూర్చుండి, ఆ సంభాషణను టీవీలో చూచినట్లు మాకు స్పష్టమైన జ్ఞాపకము. జనము చప్పట్లు చరచుట, తండ్రిగారి తలపాగా మా చేతికి తగులుట, అన్నియు కన్నులకు కట్టినట్లుండెడివి. ఈ కథను పాఠశాలల సభలలో ఎన్నిమారులు చెప్పితిమో లెక్కలేదు.

కొన్నియేండ్ల క్రిందట ఒకనాడు మా తల్లిగారు వంటింట కూరలు తరుగుచుండగా ఈ కథనే మా పిల్లలకు చెప్పుచుంటిమి. ఆమె కత్తిపీట నుండి తలయెత్తకయే, "నీ మొహం! అప్పుడు మనూళ్లో టీవీ ఎక్కడిదిరా? పంచాయతీ టీవీ వచ్చింది నీ చెల్లెలు పుట్టినాక గదా. మీ నాన్న రాత్రి వార్తల్లో రేడియోలో విన్నాడు. ఇరుగు పొరుగు వాళ్లు నలుగురు అరుగుమీద చేరారు. నువ్వు మంచంమీద నిద్రపోతున్నావు" అనిరి.

చెల్లెలు పుట్టినది 1986లో. ఇరువది యేండ్లుగా ఎదుటి పక్షపు సాక్షులను అడ్డుప్రశ్నలతో తికమకపెట్టుచున్న మేము ఆ వంటింటిలో కూలిపోతిమి. సాక్షి సంఘటనకాలమున నిద్రించుచుండెనని రుజువైనది! ఆ సంభాషణ దృశ్యము తరువాత ఎన్నియోమారులు టీవీలో వచ్చినది. ఎప్పుడో చూచిన దానిని, తండ్రిగారు చెప్పగా వినిన దానిని, పంచాయతీ వసారాను, తలపాగాను మా మనస్సు చేర్చి కుట్టి మాకొక చొక్కా చేసియిచ్చినది. దానిని మేము స్వంతమని తొడిగికొని తిరిగితిమి.

ఈ జబ్బు మా యొక్కరిదే కాదు. 1986 జనవరి 28వ తేదీన అమెరికాలో చాలెంజర్ నౌక బయలుదేరిన 73 సెకండ్లకు ఆకాశమున ముక్కలైనది. ఏడుగురును మరణించిరి. వారిలో క్రిస్టా మెకాలిఫ్ అను బడిపంతులమ్మ యుండుటచే, అనేక పాఠశాలలలో పిల్లలు తరగతులలో కూర్చుండి ఆ యాత్రను చూచుచుండిరి. మరునాటి యుదయమే అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయమున ఉల్రిక్ నైస్సర్ అను మనస్తత్త్వవేత్తయు, నికోల్ హార్ష్ అను ఆమెయు విద్యార్థులచేత ఒక కాగితము నింపించిరి. ఈ వార్త ఎచ్చట వింటివి? ఎవరు చెప్పిరి? అప్పుడేమి చేయుచుంటివి? రెండేండ్లు దాటిన పిమ్మట వారిలో 44 మందిని మరల అవే ప్రశ్నలడిగిరి. పదకొండుగురు చెప్పిన ముఖ్యాంశములలో ఒక్కటియు తమ తొలి వ్రాతతో సరిపోలేదు. పూర్తిగా సరిపోయినవారు మువ్వురే. తరగతిలో నుండగా ఎవరో వచ్చి చెప్పుకొనుచుండగా వింటినని తొలుత వ్రాసిన విద్యార్థిని, పిమ్మట, హాస్టలు గదిలో స్నేహితురాలితో టీవీ చూచుచు తెలిసికొంటినని చెప్పినది. తప్పు చెప్పినవారిలో అనేకులు గట్టి ధీమాతో చెప్పిరి. వారి చేవ్రాతనే వారికి చూపినను మరచినది తిరిగి జ్ఞప్తికి రాలేదు.

కోర్టు పక్షులమైన మాకు ఇది క్రొత్త సంగతి కాదు. ధీమాగా చెప్పుట వేరు, నిజము చెప్పుట వేరు. అందుచేతనే మా వృత్తిలో ఏండ్లు గడచిన నోటిమాటకంటె నాడే వ్రాసిన చిన్న చీటికి విలువ యెక్కువ.

అట్లని ప్రభుత్వముల కాగితమంతయు వేదవాక్యమని మీరనుకొనరాదు. గగారిన్ తన నౌకలోనే కూర్చుండి నేలకు దిగెనని సోవియట్ ప్రభుత్వము చాలకాలము లోకమును నమ్మించినది. నిజమునకు ఆయన సుమారు 7 కిలోమీటర్ల యెత్తున నౌకనుండి వెలువడి, పారాచ్యూటుతో వేరుగా దిగెను. యాత్రికుడు వాహనముతోనే దిగవలెనను రికార్డుల నిబంధనకు భంగము కలుగునని దానిని దాచిరి. ఆ దాపరికముచే గగారిన్ సాహసము పెరుగలేదు. ఏడు కిలోమీటర్ల యెత్తునుండి దూకినవాని సాహసము, ఉన్నదున్నట్లు చెప్పిన యెడల తగ్గెడిదా?

దాచుట యొక దోషమైన, పారవేయుట మరియొక దోషము. చంద్రునిపై తొలి యడుగుల దృశ్యమును నేరుగా పట్టిన మూలపు టేపులను వెదకి వెదకి, అవి బహుశః తుడిచివేయబడి మరియొక పనికి వాడబడినవని అమెరికా అంతరిక్షసంస్థ 2009లో ఒప్పుకొన్నది. టేపులకు కరవు వచ్చిన కాలమున ఎవరో పాత టేపులను తిరిగి వాడిరి. టీవీ కంపెనీల వద్ద నిలిచిన ప్రతులుండబట్టి మనకు ఆ దృశ్యము దక్కినది. కోట్లమంది కలిసి చూచిన దృశ్యమునకే ఈ గతి పట్టగా, అరుగుమీద నలుగురు కలిసి విన్న రేడియో మాట కేమి దిక్కు?

మీరడుగవచ్చును: జ్ఞాపకము కొంత తప్పిన నేమి? చప్పట్లు చప్పట్లే గదా, కన్నీరు కన్నీరే గదా, యని. ఇచ్చటనే మా వాదమంతయు నున్నది. జనులు చప్పట్లను జ్ఞాపకముంచుకొందురు, కన్నీరును జ్ఞాపకముంచుకొందురు, కారణమును మరతురు. కారణమును మరచిన యెడల కన్నీరు తిరిగి వచ్చును.

చాలెంజర్ ఏల పడినది? రాకెట్టు బూస్టరుల కీళ్లలో రబ్బరు వలయములుండును. అవి చలికి బిరుసెక్కి, మంటను బయటికి పోనీయకుండ ఆపలేకపోయినవి. ఆ చలిలో ప్రయోగించుట ప్రమాదమని రోజర్ బోజోలీ మొదలగు ఇంజనీర్లు ముందటి రాత్రియే వాదించిరి. పైవారు వినలేదు. అంతకుముందే ఆ యాత్ర పలుమారులు వాయిదా పడియుండెను. వాయిదా పడినప్పుడెల్ల టీవీలును పత్రికలును ఎగతాళి చేసినవి. గడువు తీర్చవలెనను ఒత్తిడి ఆ సంస్థను ఎట్లు వంచినదో విచారణసంఘము తన నివేదికలో వ్రాసినది. జనుల యుత్సాహమే వారి ప్రాణములు తీసెనని మేమనము. నేరము నిర్ణయము చేసినవారిది. కాని వాయిదాను చూచి నవ్విన ప్రతివాడును ఆ త్రాసులో తప్పుడు పళ్లెమున ఒక గింజ వేసినవాడే.

పదునేడేండ్లు గడచినవి. 2003 ఫిబ్రవరి 1వ తేదీన కొలంబియా నౌక తిరిగివచ్చుచు, నేలకు దిగుటకు 16 నిమిషములు మాత్రముండగా టెక్సస్ గగనమున భగ్నమైనది. అందులో హర్యానాలోని కర్నాలులో పుట్టిన కల్పనా చావ్లా యుండెను. ఆమె చదివిన పాఠశాలలో పిల్లలు ఆమె రాకను పండుగ చేసికొనుటకు కూడియుండగా ఈ దుర్వార్త వచ్చినది. మేమప్పుడు న్యాయకళాశాల విద్యార్థులము. ఆ రాత్రి మా హాస్టలులో పలువురు అన్నము ముట్టలేదని మాకు జ్ఞాపకము. మా జ్ఞాపకమునకు ఎంత విలువ యీయవలెనో మీకిప్పుడు తెలియును. మరికొన్ని దినములకు, శ్రీహరికోటనుండి 2002లో మనవారు ఎగురవేసిన వాతావరణ ఉపగ్రహమునకు కల్పన పేరు పెట్టిరి. అది ఉచితమైన స్మారకము. కాని అంతకంటె పెద్ద స్మారకము విచారణసంఘము నివేదిక. బయలుదేరునప్పుడే ఇంధనపు తొట్టి పైపూత పెళ్ల యొకటి ఊడి యెడమ రెక్కను కొట్టినది. అట్టి పెళ్లలు పూర్వయాత్రలలోను ఊడినవి. ఏమియు కాలేదు గనుక అది మామూలే యని వారు అలవాటు పడిరి. రెక్కను దూరమునుండి ఫోటోలు తీయించి చూడవలెనని ఇంజనీర్లు కోరిన కోరిక నెరవేరలేదు. చాలెంజర్ నాటి తప్పులే కొలంబియాలో తిరిగి పలికినవని ఆ నివేదిక ఒక అధ్యాయమంతయు వ్రాసినది. చాలెంజర్ మృతులకై ఏటేట పుష్పములుంచిన సంస్థయే, వారి మరణము చెప్పిన పాఠమును మరచినది. సంస్మరణ వేరు, జ్ఞప్తి వేరు.

ఇక మన యింటి సంగతి. మన స్వంత నౌకలో మనవారిని పంపు గగన్‌యాన్ సంకల్పము 2018 ఆగస్టు 15వ తేదీన ప్రకటింపబడినది. 2022 నాటికి జరుగవలెననిరి. ఆ గడువు దాటినది. దాటినందుకు పరిహాసములు వింటిమి. అట్టివారికి రెండు సంగతులు మనవి చేయుదుము.

2023 అక్టోబరు 21వ తేదీ ఉదయము శ్రీహరికోటలో, ఆపత్కాలమున యాత్రికులను తప్పించు పరికరమునకు పరీక్ష యేర్పాటైనది. లెక్క తగ్గుచు వచ్చి, ఐదు సెకండ్లున్నవనగా కంప్యూటరు దోషము కనిపెట్టి ప్రయోగమును నిలిపివేసినది. చూచువారు ఉసూరుమనిరి. దోషమును సరిచేసి, ఆ యుదయమే 10 గంటలకు పంపగా పరీక్ష నెగ్గినది. రెండవది శుక్లాగారి యాత్ర. అదియు పలుమారులు వాయిదా పడినది. జూన్ నెలలో రాకెట్టునుండి ద్రవరూపమున నున్న ప్రాణవాయువు కారుచున్నదని తెలిసినది. అది బాగుపడువరకు కదలరాదని మన ఇస్రో బృందము పట్టుపట్టినది. బాగుపడినది, యాత్ర సాగినది, జులై 15వ తేదీన నలుగురును క్షేమముగ సముద్రమున దిగిరి. మా వకీళ్ల గదిలో మేము చరచిన చప్పట్లు జూన్ 25వ తేదీకి చెందినవి. న్యాయముగ అవి, ఆ కారుటను కనిపెట్టి ఆగుమన్న దినమునకు చెందవలెను. కాని ఆనాడు మాలో ఒక్కరును చప్పట్లు చరువలేదు. మరల వాయిదాయా యని పెదవి విరిచినవారిలో మేమును ఒకరము. ఈ యొప్పుకోలు మీ యెదుట చేయుటకే నేడు వచ్చితిమి.

కావున జనులుగా మనము చేయదగినవి రెండు కలవు. మొదటిది ఓపిక. మన యువకులు నలుగురు ఆ యాత్రకు ఎన్నికైరని 2024 ఫిబ్రవరిలో ప్రకటించిరి. వారు మన ముచ్చట తీర్చుటకు కాక, పోయి తిరిగివచ్చుటకు పోవలెను. "ఇంకను కాలేదా?" యని మనమడుగు ప్రశ్నను, "అన్నియు చూచితిరా?" యని మార్చుకొందము. వాయిదా వార్త వచ్చిననాడు ఎవరో యొక ఇంజనీరు పైవారి యెదుట నిలిచి కాదని చెప్పగలిగెనని సంతోషింతము. అట్టివానికి బలము చట్టము వలన కొంత కలుగును. జనాభిప్రాయము వలన మరికొంత కలుగును.

రెండవది వ్రాత. ఈ గ్రంథాలయమునకు మాదొక చిన్న కానుక: నూరు పుటల రిజిస్టరు పుస్తకము. గగన్‌యానములో మనవారు బయలుదేరిన దినమున మీరందరు టీవీ చూడుడు, చప్పట్లు చరువుడు, మిఠాయిలు పంచుకొనుడు. మరునాటి యుదయమే వచ్చి ఇందులో నాలుగు వాక్యములు వ్రాయుడు. ఎచ్చట నుంటిరి, ఎవరితో నుంటిరి, ఏమి వింటిరి, ఏమి భయపడితిరి. వ్రాయలేని వృద్ధులచేత మనుమలు చెప్పించుకొని వ్రాయుడు. వాయిదా పడిన దినములను గూడ కారణముతో వ్రాయుడు. బాగుగా వ్రాయవలెనను పట్టింపు వలదు. నాడే వ్రాయవలెనను పట్టింపు కావలెను. కీడు శంకించుట మా యభిమతము కాదు. కాని కీడే జరిగినచో, ఆ విచారణ నివేదిక వచ్చినప్పుడు దాని ప్రతి యొకటి తెప్పించి ఈ రిజిస్టరు ప్రక్కనే యుంచుడు.

మాకీ యాలోచన పుట్టించినది మా తల్లిగారి మాట. 1984లో ఆ రాత్రి మా యరుగుమీద రేడియో చుట్టు చేరినవారిలో మా తండ్రిగారు నేడు లేరు. ఆకాశమునుండి వచ్చిన ఆ మాట విని ఆయన ఏమనెనో, నవ్వెనో, కంట తడిపెట్టెనో మాకు తెలియదు. మా తల్లిగారు లోపల వంటలో నుండిరట. ఇంటిలో పాత దస్తావేజులన్నియు భద్రముగ నున్నవి, పన్ను రసీదులున్నవి. ఆ రాత్రిని గూర్చి మాత్రము ఒక చీటియైనను లేదు. మేము నలువది యేండ్లు భుజముపై కూర్చుండి చూచిన టీవీ యబద్ధము. అరుగు నిజము, రేడియో నిజము, ఆ నలుగురు నిజము. ఆ నిజమునకు ఇప్పుడు సాక్షి లేడు.

మీ మనుమలకు ఆ లోటు రానీయకుడు. రిజిస్టరును కార్యదర్శిగారి చేతికి అప్పగించి సెలవు గైకొనుచున్నాము.